వీపు దాచుకున్న ఎలుగుబంటి

మూడు కొండల మధ్య గిన్నెలా ఒదిగిన అడవి ఒకటి ఉంది. దాని పేరు ఇప్పలకోన. అక్కడ ఇప్పచెట్లు ఎక్కువ, వాటి కింద తిరిగే జీవాలు ఇంకా ఎక్కువ. కుందేళ్ళు, ఉడుములు, అడవిపందులు, కొండముచ్చులు, దుప్పులు, ముళ్ళపందులు, ఒకటో రెండో ఎలుగుబంట్లు. అన్నీ ఒకదాని సంగతి ఒకదానికి తెలిసి బతికేవే.

ఆ ఎలుగుబంట్లలో ఒకదాని పేరు బొంతమ్మ. ఒళ్ళంతా బొంత కప్పుకున్నట్టు దట్టమైన నల్లటి బొచ్చు. భుజాల మధ్య జూలైతే మూరెడు పొడుగు. ఆ ఏడు చలికాలంలో బొంతమ్మ తన గుహలో ఇద్దరు పిల్లల్ని కంది. పెద్దవాడు కరక. చిన్నది ఉసిరి.

ఎలుగుల ఇళ్ళలో ఒక ఆనవాయితీ ఉంది. పిల్లలు కళ్ళు తెరిచి కాళ్ళ మీద నిలబడగానే తల్లి వాళ్ళను వీపు మీద ఎక్కించుకుని అడవంతా తిప్పుతుంది. పిల్లలు తల్లి జూలును గట్టిగా పట్టుకుని అక్కడే ఆడతారు, అక్కడే నిద్రపోతారు. పులైనా సరే, రేచుకుక్కలైనా సరే, తల్లి వీపు మీద ఉన్న పిల్లను ముట్టడానికి జంకుతాయి. కానీ ఆ భోగం ఎంతోకాలం ఉండదు. పిల్ల బరువెక్కిందంటే కిందికి దిగాల్సిందే. రెండో వానాకాలం వచ్చేసరికి ఇల్లు విడిచి తన దారి తాను చూసుకోవాల్సిందే. అందుకే ఎలుగు ముసలమ్మలు, "జూలు పట్టినన్నాళ్ళే పిల్ల. జూలు వదిలాక అదీ ఒక ఎలుగే" అంటూ ఉంటారు.

ఈ మాట బొంతమ్మకూ తెలుసు. తెలిసే తప్పు చేసింది.

చలి విరుగుతున్న రోజుల్లో ఒకనాటి పొద్దున బొంతమ్మ ఒక్కతే పాలమడుగుకు నీళ్ళు తాగడానికి వెళ్ళింది. పాలమడుగు గుహకు దగ్గరే. అక్కడ గట్టు మీద వలస కొంగ ఒకటి రెక్కలు ఆరబెట్టుకుంటోంది.

"ఎక్కడి నుంచి వస్తున్నావు కొంగమ్మా?" అని అడిగింది బొంతమ్మ.

"సముద్రం దగ్గర నుంచి" అంది కొంగ.

"అదేమిటి?"

"నీళ్ళు. ఇటు ఒక గట్టు ఉంటుంది. అటు గట్టు ఉండదు."

బొంతమ్మ మూతి నీళ్ళలోంచి పైకి లేపి అలాగే ఉండిపోయింది. మూతి నుంచి నీళ్ళు కారిపోతున్నాయి. గట్టు లేని నీళ్ళు ఉంటాయని దానికి ఇంతవరకు తెలియదు. ఒక్కసారిగా ఇప్పలకోన మొత్తం దాని కంటికి చిన్నదైపోయింది.

"ఎంత దూరం?"

"నాకైతే రెండు రోజులు. నడిచేవాళ్ళకు నెల పైమాటే."

బొంతమ్మ పరుగున గుహకు వచ్చింది. ఆ దారిలో కనబడిన ప్రతి జీవాన్నీ ఆపి, "వానలు వెనకబట్టాక నా పిల్లల్ని వీపు మీద ఎక్కించుకుని సముద్రానికి పోతున్నాను. నెల రోజులు పోతాను, నెల రోజులు అక్కడుంటాను, నెల రోజులు వస్తాను" అని చెప్పింది.

విన్న జీవాలన్నీ నోళ్ళు వెళ్ళబెట్టాయి. వేళ్ళున్నవి ముక్కున వేలేసుకున్నాయి. వేళ్ళు లేనివి తోక వేసుకున్నాయి. కుందేలు అయితే నములుతున్న గడ్డిపరక మింగడం మరిచిపోయింది. ఇప్పలకోనలో పుట్టినవాళ్ళెవరూ అంతవరకు మూడు కొండలు దాటి ఎరగరు.

కొండముచ్చు తాత కొమ్మ మీద నుంచి కిందికి వంగి, "అంత దూరం ఇద్దరు పిల్లల్ని మోస్తావా అమ్మీ?" అని అడిగాడు.

"అందుకే తాతా, ఇవాళ్టి నుంచి వీపు దాచుకుంటున్నాను."

"వీపు దాచుకోవడమేమిటే?"

"రోజూ వాళ్ళను మోస్తూ ఈ చుట్టుపక్కల తిరిగితే వీపు అరిగిపోదా? పిల్లలు పట్టి లాగితే జూలు ఊడిపోదా? ఉన్న వీపంతా పుట్టల చుట్టూ, పొదల చుట్టూ ఖర్చు చేసుకుంటే సముద్రానికి ఏం మిగులుతుంది?"

కొండముచ్చు తాత తల గోక్కున్నాడు. చివరికి, "గడ్డి దాచుకునే ఎలుకను చూశాను. తేనె దాచుకునే ఈగను చూశాను. వీపు దాచుకునేదాన్ని ఇదే చూడటం" అని పై కొమ్మకు వెళ్ళిపోయాడు.

అన్నట్టే చేసింది బొంతమ్మ. పిల్లల్ని గుహలో కూర్చోబెట్టి, వాకిట్లో తుమ్మకంప అడ్డం పెట్టి, తాను ఒక్కతే బయటికి పోయి తిని వచ్చేది. పిల్లలు ఆడుకుంటూ వీపు ఎక్కబోతే, "దిగండి, దిగండి. అది సముద్రానికి" అనేది. కరక, ఉసిరి దిగిపోయేవారు. మొదట్లో ఏడ్చారు. తర్వాత ఏడవడం మానేశారు. వీపంటే సముద్రానిది, తమది కాదు అనుకున్నారు.

గుహకు పక్కనే ఒక బొరియ ఉంది. అందులో సూదమ్మ అనే ముళ్ళపంది తన ముగ్గురు పిల్లలతో ఉండేది. సూదమ్మ నోట్లో నాలుక లేనట్టుండేది. నలుగురిలో మాట్లాడాలంటే దానికి ముళ్ళు కూడా ముడుచుకుపోయేవి. అయితే పొద్దు వాలేవేళకు మాత్రం పిల్లల్ని వెంటబెట్టుకుని ఏదో ఒకచోటికి బయల్దేరేది. పెద్ద దూరమేమీ కాదు. ఒకరోజు కూలిన మద్దిమాను దాకా. ఒకరోజు పాలమడుగు దాకా. పిల్లలకు ఓపిక ఉన్నరోజున గొడుగురాయి దాకా. చీకటి చిక్కబడకముందే ఇంటికి వచ్చేవారు. వచ్చేటప్పుడు ఒకడి మూతికి మట్టి, ఇంకొకడి నోట్లో గడ్డ, చిన్నదాని ముళ్ళకు గుచ్చుకున్న పూలు.

చైత్రం వచ్చింది. ఇప్పపూలు రాలడం మొదలైంది. అడవంతా తీపి వాసన. తెల్లవారేసరికి చెట్ల కింద నేల కనబడటం లేదు, పూలే.

సూదమ్మ బొంతమ్మ గుహ ముందుకొచ్చి, కంపకు అవతలే నిలబడి, "వదినా, పూల కిందికి పోతున్నాం. నీ పిల్లల్ని కూడా పంపుతావా? రెండు అడుగులే" అంది.

"ఎందుకు సూదమ్మా? పూలు నేనే నోట కరుచుకొచ్చి పెడుతున్నాను కదా."

"తినడానికి కాదు వదినా. మీద రాలుతుంటే బాగుంటుందని."

బొంతమ్మ నవ్వింది. "నువ్వు రెండు అడుగులు వేసి ఊరేగింపు అనుకుంటావు. నా పిల్లలు చూడబోయేది గట్టు లేని నీళ్ళు. వాళ్ళకు ఈ చిల్లర తిరుగుళ్ళు అలవాటు చేయకు."

సూదమ్మ ముళ్ళు ముడుచుకుని వెళ్ళిపోయింది. గుహ లోపల ఉసిరి కంప సందులోంచి ఒక కన్ను పెట్టి, ఆ ముగ్గురు ముళ్ళపంది పిల్లలు పోయినవైపే చాలాసేపు చూసింది.

పూలు అయిపోయాయి. నేరేడుపళ్ళు వచ్చాయి, అవీ అయిపోయాయి. వానలు పడ్డాయి. అడవిలో ప్రతి గుంటా నిండింది. సూదమ్మ పిల్లలు ప్రతి గుంటలోనూ దిగారు. కరక, ఉసిరి గుహ కప్పు నుంచి కారే చుక్కల కింద నోళ్ళు తెరుచుకుని కూర్చున్నారు.

బొంతమ్మ మాత్రం ఊరికే కూర్చోలేదు. ఇప్పగింజలు రాలిన చోట పొర్లి పొర్లి, వాటి నూనె జూలుకు పట్టించింది. రాళ్ళకు రుద్దుకుని చిక్కులు తీసింది. వానలు వెనకబట్టేసరికి దాని జూలు నీళ్ళ మీద ఎండ పడ్డట్టు నిగనిగలాడుతోంది. చూసినవాళ్ళు రెప్ప వేయలేదు. "ఒక్క వెంట్రుక ఊడలేదు. ఎనిమిది నెలలు దాచాను" అని చెప్పుకుని మురిసిపోయింది.

బయల్దేరే రోజు వచ్చింది. పొద్దున్నే అడవంతా గుహ ముందు చేరింది. దుప్పులు వచ్చాయి, అడవిపందులు వచ్చాయి. కొండముచ్చు తాత మనవలందరినీ తీసుకొచ్చాడు. సూదమ్మ పిల్లలతో వచ్చి అందరి వెనక నిలబడింది.

బొంతమ్మ కంప పక్కకు లాగింది. వాకిట్లో వంగి, వీపు నేలకు దగ్గరగా పెట్టి, "ఎక్కండి" అంది.

పిల్లలు ఎక్కలేదు. తల్లి వీపు వైపు, తల్లి మొహం వైపు మార్చి మార్చి చూశారు.

"ఎక్కమంటుంటే."

"ఎలా ఎక్కాలమ్మా?" అని అడిగాడు కరక.

గుంపంతా మెడలు ముందుకు చాచింది. ఎలుగుపిల్లకు వీపెక్కడం తెలియదట. చేపపిల్లకు ఈత రాదన్నట్టుంది. దుప్పులు ఒకదాని మొహం ఒకటి చూసుకున్నాయి. బొంతమ్మకు చెవులు వేడెక్కాయి.

"కాలు పెట్టి, జూలు పట్టుకుని పాకాలి" అంది పళ్ళ బిగువున.

కరక కాలు పెట్టాడు, జూలు పట్టుకున్నాడు. నూనె పట్టించిన జూలు గోళ్ళలోంచి జారిపోయింది. వాడు దబ్బున కింద పడ్డాడు. ఉసిరి ఎక్కబోయి అటువైపు జారింది. మూడుసార్లు ఎక్కారు, మూడుసార్లు జారారు. నాలుగోసారి కొండముచ్చు తాత వెనక నుంచి నెట్టితే ఎలాగో పైన కూర్చున్నారు. అప్పుడు ఇంకొక సంగతి తెలిసింది. ఎనిమిది నెలల్లో పిల్లలు రెండు అడవిపంది పిల్లలంత బరువయ్యారు. బొంతమ్మ లేచి నిలబడేసరికి ముందుకాళ్ళు వణికాయి.

కానీ అడవంతా చూస్తోంది. బొంతమ్మ తల ఎత్తి నడిచింది.

గుహ కనుమరుగయ్యేలోగా ఉసిరి జారి పడింది. దాన్ని ఎక్కించేసరికి కరక జారాడు. ఇలా పడుతూ లేస్తూ, ఎండ నడినెత్తికి రాకముందు పాలమడుగు చేరారు. అప్పటికే సూదమ్మ పిల్లలు అడ్డదారిన వచ్చి నీళ్ళలో దిగి ఉన్నారు.

నీళ్ళు చూడగానే కరక, ఉసిరి వీపు మీద నుంచి వాళ్ళంతట వాళ్ళే జారి కిందికి దిగారు. కళ్ళు చేటలంత చేసుకున్నారు. మడుగులో ఆకాశం కనబడుతోంది. కప్పలు దూకుతున్నాయి. తామరాకు మీద నీటికోడి నడుస్తోంది.

ఉసిరి మెల్లగా తల్లి కాలు పట్టుకుని, "అమ్మా, సముద్రం వచ్చేసిందా?" అని అడిగింది.

బొంతమ్మ చూపు తిప్పుకుంది.

నీళ్ళలో ఉన్న ముళ్ళపంది పిల్లల్లో పెద్దవాడు పకపకా నవ్వి, "సముద్రం కాదు, పాలమడుగు. మా అమ్మ తిడితే మేం అలిగి వచ్చేది ఇక్కడికే" అన్నాడు.

"ఇంత దగ్గరా?" అంది ఉసిరి. దాని గొంతులో నవ్వు లేదు. అన్న వైపు చూసి, "ఇంత దగ్గరా అన్నా?" అని మళ్ళీ అంది.

"అమ్మా, ఇక్కడే ఉందాం. కాసేపు ఆడుకుంటాం" అన్నాడు కరక.

అక్కడ ఆగి ఉంటే ఈ కథ అక్కడితోనే అయిపోయేది. బొంతమ్మ కాళ్ళు ఆగుదామనే అన్నాయి. కానీ అడవంతా సాగనంపింది. సముద్రానికని బయల్దేరి పక్కనున్న మడుగు దగ్గర కూర్చుంటే రేపు ఎవరికి మొహం చూపిస్తుంది? కుందేళ్ళు కూడా నవ్వవా?

"ఆటలు సముద్రం దగ్గర ఆడుకుందురు గానీ. లేవండి" అంది. పిల్లలు వెనక్కి చూస్తూ చూస్తూ వీపెక్కారు. సూదమ్మ గట్టు మీద నిలబడి ఏదో చెప్పబోయింది. అలవాటు ప్రకారం చెప్పలేకపోయింది.

పొద్దు వాలుతుండగా గొడుగురాయి వాలు దగ్గరికి వచ్చారు. అప్పటికి పిల్లలు ఎన్నిసార్లు పడ్డారో లెక్కలేదు. బొంతమ్మ నడ్డి పీకుతోంది. ఇక మోయలేక, "ఈ వాలు ఒక్కటి నడవండి. పైకెళ్ళాక ఎక్కుదురు" అని దించింది.

సరిగ్గా అప్పుడే గడ్డి కదిలింది. ఎర్రటి ఒళ్ళు, నల్లటి తోకలు. రేచుకుక్కలు. ఒకటి కాదు, ఆరు.

గుంపుకు పెద్ద కుక్క ముందుకొచ్చింది. అరవలేదు, గుర్రుమనలేదు. పెళ్ళివారింటికి వచ్చినంత నిదానంగా మాట్లాడింది.

"వీపు మీద పిల్లలున్న ఎలుగును మేం ముట్టం బొంతమ్మా. అది మా పెద్దలు పెట్టిన కట్టుబాటు. కింద నడిచే పిల్లల గురించి వాళ్ళేమీ చెప్పలేదు."

బొంతమ్మ చప్పున పిల్లల వైపు తిరిగింది. "ఎక్కండి" అని వంగింది. "ఎక్కండిరా, ఎక్కండి."

పిల్లలు ఎక్కారు. కరక జూలు పట్టుకున్నాడు, ఉసిరి కరక నడుము పట్టుకుంది. బొంతమ్మ లేచింది. లేవగానే జూలు కరక గోళ్ళలోంచి జారింది. ఇద్దరూ కలిసి కింద పడ్డారు. మళ్ళీ వంగింది. మళ్ళీ పడ్డారు. అడవిలో ఏ ఎలుగుపిల్ల అయినా కళ్ళు మూసుకుని చేసే పని అది. తన పిల్లలకు అది రాదు. రాకుండా చేసింది తానే. ఆ సంగతి ఆ క్షణంలో బొంతమ్మకు పిడుగులా తాకింది.

కుక్కలు చుట్టూ కమ్ముకున్నాయి.

బొంతమ్మ ఇక వంగలేదు. పిల్లల్ని పొట్ట కిందికి తోసుకుని, నాలుగు కాళ్ళ మధ్య దాచుకుని, మీద నిలబడింది. పంజా విసిరింది. ఒక కుక్క దూరంగా పడింది. ఇంకొకటి వెనక నుంచి ఎగిరి వీపు మీద పడి కరిచింది. దాన్ని విదిలించేలోగా మరొకటి. పిల్లల్ని వదిలి కదిలితే వాళ్ళు దక్కరు. కదలకుండా ఉంటే వీపు దక్కదు. బొంతమ్మ కదలలేదు.

ఇంతలో గలగలమని చప్పుడైంది. ఎండిన వెదుళ్ళ కట్టను ఎవరో ఊపినట్టుంది.

గొడుగురాయి పక్క నుంచి సూదమ్మ వస్తోంది. ఆ సాయంత్రం గడ్డలు తవ్వుకోవడానికి పిల్లలతో అక్కడికే వచ్చింది. ఒళ్ళంతా ముళ్ళు నిక్కబొడుచుకుని, దాని అసలు ఒంటికి మూడింతలు కనబడుతోంది. నలుగురిలో నోరు విప్పని సూదమ్మ అప్పుడు కూడా నోరు విప్పలేదు. వెనక్కి తిరిగింది. తిరిగి, వెనక్కి వెనక్కి పరుగెత్తుకుంటూ వచ్చి కుక్కల గుంపులోకి దూసుకుపోయింది.

పెద్ద కుక్క మూతికి మూడు ముళ్ళు దిగాయి. అది కుయ్యోమంటూ ఎగిరి పడింది. మిగతావి బిత్తరపోయి రెండు అడుగులు వెనక్కి వేశాయి. సూదమ్మ మళ్ళీ వీపు తిప్పి వెనక్కి దూసుకొచ్చింది. ఇంకో దాని కాలికి రెండు దిగాయి.

"ఇటు రండి" అని రాతి కింద నుంచి చిన్న గొంతు పిలిచింది. ముళ్ళపంది పిల్లల్లో చిన్నది. "ఇక్కడ సందుంది. లోపల బోలెడు చోటు. అవతలికి ఇంకో దారి కూడా ఉంది. మేం దొంగాట ఆడుకునే చోటే."

కరక, ఉసిరి తల్లి కాళ్ళ మధ్య నుంచి ఒక్క దూకులో ఆ సందులో దూరారు. పిల్లలు కనబడకపోయేసరికి బొంతమ్మకు రెండు పంజాలూ ఖాళీ అయ్యాయి. అది వెనకకాళ్ళ మీద లేచి అరిచిన అరుపుకు గొడుగురాయి మీది గులకరాళ్ళు దొర్లాయి. కుక్కలు తోకలు ముడుచుకుని వాలు దిగి పారిపోయాయి.

అంతా సద్దుమణిగింది. బొంతమ్మ కూలబడింది. వీపంతా మంట. చుట్టూ నేల చూసింది. నల్లటి వెంట్రుకలు కుచ్చులు కుచ్చులుగా గడ్డి మీద పడి ఉన్నాయి. ఒక్కటి ఊడకుండా ఎనిమిది నెలలు దాచిన జూలు. పిల్లలు దాన్ని పట్టుకున్నది ఒక్క పూట. మిగతాదంతా కుక్కల నోళ్ళకు పోయింది.

తల తిప్పి, "సూదమ్మా, ఇంటి నుంచి ఎంత దూరం వచ్చాం?" అని అడిగింది.

సూదమ్మ ఇబ్బందిపడింది. చెప్పక తప్పలేదు. "మా చిన్నది మధ్యలో ఆగకుండా నడిచి వచ్చేంత దూరం వదినా."

బొంతమ్మ కొయ్యబారిపోయింది. ఎనిమిది నెలలు వీపు దాచి తాను చేసిన ప్రయాణం ఒక ముళ్ళపంది పిల్ల సాయంకాలపు నడకంతే.

ఆ రాత్రికి అందరూ నెమ్మదిగా ఇల్లు చేరారు. దారి చూపించింది సూదమ్మ పిల్లలే. ఏ రాయి కింద తేలు ఉంటుందో, ఎక్కడ నేల మెత్తగా ఉంటుందో వాళ్ళకు కంఠతా వచ్చు. కరక, ఉసిరికి తమ ఇల్లు ఎటుందో కూడా తెలియదు.

బొంతమ్మ రెండు నెలలు గుహలోంచి లేవలేదు. వీపు మీది పుండ్లు ఒకటి మానితే ఒకటి పగిలేవి. వాకిట్లో తుమ్మకంప మాత్రం మళ్ళీ పెట్టలేదు. పొద్దు వాలేవేళకు సూదమ్మ వచ్చి, కంప లేని వాకిట్లో నిలబడి, "వదినా" అనేది. "తీసుకుపో సూదమ్మా" అనేది బొంతమ్మ. పిల్లలు పోయేవారు.

తిరిగొచ్చి ఒకరి మీద ఒకరు పడి చెప్పేవారు. పాలమడుగులో అడుగున చల్లటి ఊట ఉందట, కాలు పెడితే జివ్వుమంటుందట. మద్దిమాను తొర్రలో గుడ్లగూబ ఉందట, తల వెనక్కి తిప్పుతుందట. గొడుగురాయి వెనక పెద్ద తేనెపట్టు ఉందట, కరక ఎక్కితే ఒక్క ఈగే కుట్టిందట.

బొంతమ్మ నోరు తెరుచుకుని వినేది. పుట్టింది ఇక్కడే, పెరిగింది ఇక్కడే. ఊట సంగతి తనకే తెలియదు. గొడుగురాయి వెనక తేనెపట్టు ఉందని తనకే తెలియదు.

చుట్టుపక్కల తల్లులు కూడా ఇదంతా చూస్తున్నారు. కుక్కల నోటి నుంచి ఎలుగుపిల్లల్ని కాపాడింది, రెండు అడుగుల తిరుగుళ్ళు తిరిగే సూదమ్మేనని అడవంతా పాకింది. కుందేళ్ళు తమ పిల్లల్ని పంపాయి. దుప్పి తల్లి తన కూనను పంపింది. కొండముచ్చు తాత మనవలు పిలవకుండానే వచ్చారు. సూదమ్మ వెనక బారులు తీరి పిల్లలు నడుస్తుంటే దానికి సిగ్గు ముంచుకొచ్చేది. అయినా ఏ గుంట ఎక్కడుందో చెప్పేటప్పుడు గొంతు కొంచెం కొంచెం పెరిగింది.

చలికాలం నడిమికి వచ్చాక ఒకరోజు బొంతమ్మ లేచి నిలబడింది. పుండ్లు మానాయి. వీపు మధ్య జానెడు మేర బొచ్చు రాలేదు, నున్నటి మచ్చగా ఉండిపోయింది. మిగతాచోట జూలు చిక్కులు చిక్కులుగా, పొట్టిగా మొలిచింది. బొంతమ్మ దాన్ని దువ్వుకోలేదు, నూనె రాయలేదు.

సాయంకాలం పిల్లలు బయటికి పోబోతుంటే వాకిట్లో అడ్డంగా వచ్చి వంగింది. వీపు నేలకు దగ్గరగా పెట్టింది.

"ఎక్కండి. ఇవాళ మీరెక్కడికంటే అక్కడికి నేను మోస్తాను."

కరక, ఉసిరి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"మేం నడుస్తాంలే అమ్మా" అంది ఉసిరి.

"నడవొద్దు. ఎక్కండి. ఈ వీపు ఇక దేనికీ దాచను."

"నొప్పిగా ఉంటుంది కదమ్మా."

"లేదంటుంటే. ఒక్కసారి. ఒక్కసారి ఎక్కరా కరకా."

తల్లి మాట తీసేయలేక కరక దగ్గరికి వచ్చాడు. ముందుకాళ్ళు రెండూ మెల్లగా తల్లి వీపు మీద వేశాడు. జూలు పట్టుకున్నాడు. ఈసారి జూలు జారలేదు. గట్టిగానే పట్టు చిక్కింది. బొంతమ్మ ఊపిరి బిగబట్టి లేవబోయింది.

లేవలేకపోయింది. మెడ తిప్పి చూసింది. కరక వెనకకాళ్ళు రెండూ ఇంకా నేల మీదే ఉన్నాయి. వాడు వీపు ఎక్కలేదు. ఎక్కేంత చిన్నవాడు కాడు. తల్లి పక్కన నిలబడి, తల్లి వీపు మీద చేతులు వేసుకున్న ఒక పెద్ద ఎలుగు వాడు.

బొంతమ్మ వాడిని కింది నుంచి పైదాకా చూసింది. నిన్న కాక మొన్న కంప సందులోంచి చూసిన పిల్లలు. ఎప్పుడు పెరిగారు? ఎవరూ చెప్పలేదేం? రెండు నెలలు తన పక్కనే పడుకున్నారు, తన కళ్ళ ముందే తిరిగారు. అయినా ఇప్పుడే చూసినట్టుంది. గుహ, కొండ, ఆకాశం, అన్నీ ఒక్క క్షణం ఎక్కడివక్కడ ఆగిపోయాయి.

కరక నెమ్మదిగా చేతులు తీసేశాడు. తీసేటప్పుడు ఆ నున్నటి మచ్చకు తగలకుండా తీశాడు.

ఉసిరి అన్న పక్కకు వచ్చి నిలబడింది. పిలవడానికి బయల్దేరిన సూదమ్మ బొరియ దగ్గరే ఆగిపోయింది.

కాసేపటికి బొంతమ్మ లేచింది. "ఇవాళ ఎటు పోతున్నారు?" అని అడిగింది.

"పెద్ద దూరం కాదమ్మా. మోదుగుల వెనక కొత్తగా ఒక చెదపుట్ట లేచింది. చూసి వద్దామని" అంది ఉసిరి. ఆ చెప్పడంలో కొంచెం భయం ఉంది. అంత చిన్న తిరుగుడుకు అమ్మ ఏమంటుందోనని.

"నాకు దారి తెలియదు. మీరు ముందు నడవండి" అంది బొంతమ్మ.

పిల్లలు ముందు నడిచారు. తల్లి వెనక నడిచింది. మోదుగుల వెనక నిజంగానే పుట్ట ఉంది. ముగ్గురూ మూడు పక్కల నుంచి మూతులు దూర్చి చెదలు పీల్చుకు తిన్నారు. ఒకరి మూతికి ఒకరి మూతి తగిలింది. ఉసిరికి తుమ్ము వచ్చి మట్టంతా తల్లి మొహాన పడింది. బొంతమ్మ తుడుచుకోలేదు.

ఆ మర్నాడు కూడా పోయారు. ఆ తర్వాతి రోజు కూడా. వాన పడితే వానలో పోయారు. ఎండ కాస్తే చెట్ల నీడన పోయారు. ఇప్పపూలు రాలేటప్పుడు ముగ్గురూ చెట్టు కింద వెల్లకిలా పడుకుని, పూలు మొహాల మీద పడుతుంటే తెల్లవార్లూ కబుర్లు చెప్పుకున్నారు.

రెండో వానాకాలం వచ్చింది. మొదటి ఉరుము ఉరిమిన రోజున కరక ఒక కొండ వైపు, ఉసిరి ఒక కొండ వైపు వెళ్ళిపోయారు. బొంతమ్మ గుహ వాకిట్లో నిలబడి చూసింది. ఎంత తిరిగినా సరిపోలేదని దానికి తెలుసు. ఎనిమిది నెలలు తక్కువ పడ్డాయి. అవి ఏ అడవిలోనూ దొరకవు.

నీతి: ఎప్పుడో చేయబోయే పెద్ద ప్రయాణం కోసం ఇవాళ్టి చిన్న సంతోషాన్ని దాచిపెట్టకూడదు. దాచిన సంతోషం మన కోసం ఆగినా, పిల్లల వయసు ఆగదు.